వీధిలో ఒకే ఒక్క ఆకుపచ్చ ఇల్లు

మేకు మూడోసారి వంకరపోయింది.

"గోడకే ఇష్టం లేదు మామయ్యా, మీరెందుకు బలవంతపెడతారు?" అంది కోడలు గుమ్మంలో నిలబడి.

ఫోర్మన్‌గారు స్టూలు దిగలేదు, వెనక్కి తిరగలేదు. ఆయన పెదాల మధ్య ఇంకో రెండు మేకులున్నాయి. కోడలితో మాటలు మానేసి ఆ రోజుకు ఆరు రోజులు. చెప్పాల్సింది ఏదైనా భార్య ద్వారానే వెళ్లాలి, కోడలు మూడడుగుల దూరంలో ఉన్నా సరే.

"ఏమే! నీ కోడలితో చెప్పు. ఈ ఫ్రేము ఇవాళ ఈ గోడ ఎక్కుతుంది. సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్నవాళ్లు హాయిగా నిద్రపోవచ్చు, పెద్దవాళ్ల పనికి అడ్డు రానక్కర్లేదు."

"అత్తయ్యా, మామయ్యగారితో చెప్పండి. నేను సెలవు పెట్టింది నిద్రపోవడానికి కాదు. సాయంత్రం ఐదింటితో గడువు అయిపోతుంది. ఈ కాగితం మీద సంతకం కావాలి."

అత్తగారు ఎవరికీ ఏమీ చెప్పలేదు. పొద్దున్నుంచి మూడుసార్లు ఊడ్చిన గదిని నాలుగోసారి ఊడుస్తోంది. వీధిలో ఆవిణ్ణి చీపురమ్మ అంటారు. ఆ సంగతి ఆవిడకు తెలుసు, బాధపడదు. బిరుదు ఊరికే రాదు కదా. ఆ ఇంట్లో నేల మీద పడ్డ బిస్కెట్టును నిశ్చింతగా తీసుకుని తినొచ్చని వీధివీధంతా ఒప్పుకుంటుంది. కానీ ఈ ఆరు రోజులుగా ఆవిడ వాలకం బాగాలేదు. మామూలుగా మొగుడికీ కోడలికీ మధ్య దూరి ఇద్దరినీ తిట్టే మనిషి, తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని ఊడుస్తోంది.

గోడకెక్కబోతున్నది పెళ్లి ఫొటో కాదు, చదువుల సర్టిఫికెట్టూ కాదు. పెరట్లో మట్టి పరీక్ష ఫలితం.

వీధి చివర మూతపడ్డ రంగుల ఫ్యాక్టరీని కొని, అక్కడ అపార్టుమెంట్లూ పార్కూ కడతామని కంపెనీ ఒకటి వచ్చింది. చట్టం మెడ మీద కూర్చుంటే, ఫ్యాక్టరీ గోడ వెంట ఉన్న ఇరవై రెండు ఇళ్ల పెరళ్లలో సీసం ఎంతుందో కొలిపించింది. హద్దు నాలుగు వందలు. దాటిన ఇంటికి మ్యాపులో ఎరుపు రంగు పూస్తారు, రెండడుగుల లోతు మట్టి తవ్వి పట్టుకుపోయి కొత్త మట్టి పోస్తారు. దాటని ఇంటికి ఆకుపచ్చ రంగూ, ఒక కాగితం ముక్కా, ఒక అభినందన.

ఇరవై ఒక్క ఇళ్లు ఎరుపు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు, ఫోర్మన్‌గారి ఇల్లు ఒక్కటే ఆకుపచ్చ. అంకె ముప్పై ఒకటి.

వీధిలో ఎవరి అంకె ఎంతో ఇప్పుడు పిల్లలక్కూడా నోటికి వచ్చు. ఎదురింటి దర్జీ తనకొచ్చిన తొమ్మిది వందల నలభైని కొలతల టేపుతో పాటు మెడలో వేసుకుని తిరుగుతున్నంత గర్వంగా ఉన్నాడు. "మీకు ముప్పై ఒకటేనటగా, అయ్యో!" అని నిన్న చీపురమ్మను ఓదార్చాడు కూడా.

అయ్యో అనుకోవలసింది ఎందుకో కోడలికి తెలుసు. పోయిన వారం ఆస్పత్రిలో, తన ఐదేళ్ల కూతురు బుడ్డి రక్తపరీక్ష కాగితం మీద డాక్టరు ఒక అంకె చుట్టూ ఎర్ర పెన్నుతో రెండుసార్లు గుండ్రం చుట్టాడు. పిల్ల ఆడుకునే చోట మట్టి మార్పించండి, ఇంకో ఏడాది ఇలాగే సాగితే చదువూ ఎదుగుదలా రెండూ దెబ్బతింటాయి, తర్వాత నేను చేయగలిగింది ఏమీ ఉండదు అన్నాడు. వీధంతా తవ్వే యంత్రం ఒక్క వాళ్ల గుమ్మం మాత్రం దాటేసి పోతుంది. కంపెనీ ఆఫీసులో అభ్యంతరం పెట్టుకోవచ్చు. కాని కాగితం మీద ఇంటి యజమాని సంతకం ఉండాలి. యజమాని ఇదిగో, స్టూలు మీద ఉన్నారు.

"ముప్పై నాలుగేళ్లు చేశానే ఆ ఫ్యాక్టరీలో!" అన్నారు ఫోర్మన్‌గారు గోడతో. "సోమవారం పసుపు, గురువారం ఎరుపు. కాలవలో నీళ్ల రంగు చూసి వారం చెప్పుకునేవాళ్లం, ఈ వీధిలో క్యాలెండరు కొన్నవాడు లేడు. ఆ చేతులతోనే తిన్నాను. నాకేమైంది? రాయిలా ఉన్నాను."

"రాయిలా ఉన్నారని నేనూ ఒప్పుకుంటాను. రాయి ఎవరి మాటా వినదు."

"ఏమే, పిల్లకు సీసం ఎక్కడ అంటుకుందో నీ కోడల్ని అడుగు. బస్సుల పొగ! రోజంతా బస్సులో తిరిగి ఆ పొగంతా ఇంటికి మోసుకొచ్చేది ఎవరు?"

కోడలు సిటీ బస్సులో కండక్టరు. ఎనభై మందిని ఒక్క అరుపుతో వెనక్కి జరపగల గొంతు ఆమెది. ఇంట్లో దాన్ని సగానికి తగ్గించి వాడుతుంది. ఇప్పుడు తగ్గించలేదు.

"బస్సెక్కేది నేను. నా రక్తంలో లేదు, దాని రక్తంలో ఉంది. టిక్కెట్టు నాకు, ప్రయాణం దానికా?"

ఫోర్మన్‌గారు సుత్తితో ఒక్కటిచ్చారు. మేకు లోపలికి పోయింది. ఫ్రేము గోడెక్కింది. ఆయన మెడ వెనక్కి వంచి దాన్ని చూసుకున్న తీరు చూస్తే కోడలికి ఒక్క క్షణం జాలేసింది. రేపు పొద్దున, ఇళ్లు కొనేవాళ్లకు చూపించడానికి కంపెనీవాళ్లు వేసిన చూపుడు తోట ప్రారంభం. రిబ్బను కత్తిరించే కత్తెర ఫోర్మన్‌గారి చేతికిస్తామన్నారు. పాత ఉద్యోగి, పైగా వీధిలో ఏకైక ఆకుపచ్చ ఇంటి యజమాని. పార్కు గేటుకు ఆయన పేరు పెడతామని కూడా మేనేజరు అన్నాడు. దర్జీ కొత్త చొక్కా కుట్టిచ్చాడు. ఉపన్యాసం కాగితానికి రెండువైపులా రాసుకున్నారు. ఫ్యాక్టరీ మూసేసిన రోజు ఆయన్ను గేటు బయటికి పంపినవాళ్లు ఒక్క మాటైనా అనలేదు. ఇన్నేళ్లకు ఎవరో మంచి మాట అంటున్నారు.

కోడలు ఫోను తీసి మొగుడికి కొట్టింది. ఆయన లిఫ్టు మెకానిక్కు.

"మీ నాన్నగారు సంతకం పెట్టనంటున్నారు. మీరేమంటారు?"

"నువ్వు చెప్పిందీ నిజమే," అంది ఫోను. "నాన్న చెప్పిందీ నిజమే. నేనిప్పుడు మూడుకీ నాలుగుకీ మధ్య ఉన్నాను, మళ్లీ చేస్తా."

"చూశారా అత్తయ్యా, మీ అబ్బాయి ఎప్పుడూ రెండంతస్తుల మధ్యే ఉంటారు."

ఆ మాటకైనా అత్తగారు కొడుకును వెనకేసుకు రావాలి. రాలేదు. మంచం కింద లేని దుమ్ము కోసం వెతుకుతోంది.

అప్పుడు బుడ్డి పెరట్లోంచి వచ్చింది. మోచేతుల దాకా మట్టి. గుప్పిట్లో ఏదో దాచుకుంది.

"అమ్మా, ముత్యాలు!"

గుప్పిట విప్పితే, తెల్లగా, తేలిగ్గా, ఊదితే ఎగిరిపోయే గింజలు పదిపన్నెండున్నాయి. పూలకుండీల కోసం సంచుల్లో అమ్మే మట్టిలో కలిపే గింజలు అవి. బస్‌డిపోలో కుండీల్లో కోడలు వాటిని రోజూ చూస్తుంది.

"ఇవెక్కడివే?"

"పెరట్లోవి. పైన కొత్త మట్టిలోనే ఉంటాయి. ఇంకా తవ్వితే పాత మట్టి వస్తుంది, దాన్లో ఉండవు," అంది బుడ్డి, గనుల్లో పనిచేసి వచ్చినంత అనుభవంతో.

చీపురు ఆగిపోయింది.

ఫోర్మన్‌గారు స్టూలు మీంచి ఒక కాలు దించి, రెండోది దించడం మరిచిపోయారు.

"అత్తయ్యా," అంది కోడలు మెల్లిగా. "పెరట్లోకి కొత్త మట్టి ఎప్పుడొచ్చింది?"

అత్తగారు చీపుర్ని గోడకు ఆనించింది. జారిపోతే మళ్లీ సరిగ్గా ఆనించింది. మంచం మీద కూర్చుని మోకాళ్లతో మాట్లాడినట్టు తల దించుకుని చెప్పింది.

"వాళ్లు ముందే వచ్చి చెప్పారమ్మా. శుక్రవారం వస్తాం, పెరట్లో మట్టి తీసుకెళ్తాం అని. సీసాలో పోసి, మూత మీద మన ఇంటి నంబరు రాసి పెద్ద ల్యాబుకు పంపిస్తారట. అక్కడ చదువుకున్నవాళ్లు తెల్లకోట్లు వేసుకుని, అద్దాల్లోంచి చూస్తారట. మన పెరడు ఎలా ఉండేదో నీకు తెలుసుగా? పసుపు చారలు, జిడ్డు, వాన పడితే కంపు. ఎంత ఊడ్చినా పోని మురికి ఈ ఇంట్లో అదొక్కటే. అదే సీసాలో పోసివ్వమంటావా? నంబరు కూడా రాశాక, పరువేం కావాలి?"

"అందుకని చుట్టాలొస్తున్నారంటే దుప్పటి మార్చినట్టు మట్టి మార్చేశారా?"

"మార్చకుండా చుట్టాల్ని పడుకోబెడతామా?" అంది అత్తగారు తలెత్తి. అది ఆవిడకు నిజంగానే అర్థం కాని ప్రశ్న.

కోడలికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఏది ముందు రానివ్వాలో తెలియక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఎంత లోతు తీస్తావమ్మా అని ఆ పరీక్షల అమ్మాయినే అడిగాను. జానెడు అంది. నేను జానాబెత్తెడు తీశాను. నువ్వు డ్యూటీకి, మీ ఆయన పనికి, బుడ్డి బడికి, మీ మామయ్య లైబ్రరీలో పేపరుకి. రెండు రోజులు పట్టింది. పద్దెనిమిది బస్తాలు. నడుం ఇంకా సరిగ్గా లేదు."

"కొత్త మట్టి ఎక్కడిది? పాతది ఏం చేశారు?"

"అది చెప్పను. ఒకాయనకు మాటిచ్చాను. ఆయన ఉద్యోగం పోతుంది."

"ఆరు రోజుల్నుంచి మేమిద్దరం కొట్టుకుంటుంటే చూస్తూ ఊరుకున్నారా?"

"ఏం చెప్పను? ఆయన ఫ్రేము కట్టించుకొచ్చారు," అంది అత్తగారు.

ముగ్గురూ ఫ్రేము వైపు చూశారు. ముప్పై ఒకటి. ఫోర్మన్‌గారు రెండో కాలు కూడా దించి, స్టూలు మీద కూర్చున్నారు.

"అంటే ఈ ముప్పై ఒకటి..."

"సంచి మట్టిదండీ."

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల!" అని అరిచారు ఆయన. మళ్లీ అందుకున్నారు. "సరే, మార్చింది. పాత మట్టి చెడ్డదని ఎవరన్నారు? పరీక్ష చేశారా? లేదుగా! ఆ మట్టి మీదే నా కొడుకు పెరిగాడు."

"పెరిగారు. రెండంతస్తుల మధ్య ఆగారు."

"ఏమే, నీ కోడలి నోరు..."

"పైన జానాబెత్తెడు మంచిదే మామయ్యా. దాని కింద ఉన్నది మీ సోమవారం పసుపు, గురువారం ఎరుపు. మీ మనవరాలు మోచేతి దాకా తవ్వుతుంది. అదిగో, చూడండి."

ఆయన చూడలేదు. చూడకూడదని నిశ్చయించుకున్న మనిషిలా కిటికీలోంచి ఎదురింటి గోడను చూశారు. "నేను సంతకం పెట్టను. రేపు కత్తెర పట్టుకుని నిలబడాల్సినవాణ్ణి. ఇవాళ పోయి నా ఇల్లు విషం అని రాసివ్వాలా? నేను తయారుచేసిన రంగు విషం అని నా చేత్తో నేనే రాయాలా?"

ఆ చివరి మాటతో ఆయన బాధేమిటో కోడలికి మొదటిసారి అర్థమైంది. అర్థమైనా గడియారం ఆగదు. నాలుగు దాటి ఐదు నిమిషాలు.

అత్తగారు లేచింది. ముఖం కడుక్కుంది, తల దువ్వుకుంది, చెప్పులు వేసుకుంది. వాకిట్లోకి కూడా చెప్పులు తుడుచుకుని దిగే మనిషి, ఈసారి తుడవకుండానే దిగింది.

"పదమ్మా. తప్పు నాది. నేనే చెప్తాను."

"మరి మాటిచ్చినాయన?"

"ఆయన్నీ అడుగుదాం. మొహం చూసి అడిగితే కాదనడు."

"ఎవరడిగినా సంతకం లేకుండా కాగితం చెల్లదు!" అన్నారు ఫోర్మన్‌గారు వెనకనుంచి.

ఎవరూ ఆగలేదు. బుడ్డి తల్లి చెయ్యి పట్టుకుని గంతులేస్తూ నడిచింది. పాతిక అడుగుల వెనక ఫోర్మన్‌గారు కూడా బయల్దేరారు. వాళ్లను ఆపడానికే వెళ్తున్నానని ఎదురింటి దర్జీకి అడక్కపోయినా చెప్పారు. దర్జీ కత్తెర కింద పెట్టి, ఇలాంటిది మళ్లీ దొరకదని తనూ వెంటపడ్డాడు.

*

కంపెనీ ఆఫీసు అంటే ఫ్యాక్టరీ గేటు పక్కన ఒక రేకుల గది. లోపల బల్ల, గోడ గడియారం, మూల ఒక చేతులు కడుక్కునే గది. బయట చూపుడు తోట: పచ్చగడ్డి, నాలుగు వరసల పూలు, ముందు వరసలో గుబురుగా పుదీనా.

ఆ పుదీనా గురించి వీధిలో అందరికీ తెలుసు. ఇళ్లు కొనడానికి ఎవరొచ్చినా మేనేజరు వాళ్లను ముందు అక్కడికే తీసుకెళ్తాడు. ఒక ఆకు తుంచి, కడగకుండా నోట్లో వేసుకుని, కళ్లు సగం మూసి నములుతాడు. "ఈ నేల మీద నాకంత నమ్మకం" అంటాడు. సగం ఫ్లాట్లు ఆ ఆకే అమ్మిపెట్టింది.

వీళ్లు వెళ్లేసరికి ఆయన ఇద్దరు భార్యాభర్తల ముందు ఆకు నములుతున్నాడు. వాళ్లకూ చెరొకటి ఇచ్చాడు.

"రండి రండి, ఫోర్మన్‌గారి ఫ్యామిలీ! ఈ వీధిలో ఆకుపచ్చ ఇల్లు వీళ్లదే," అని పరిచయం చేశాడు సంతోషంగా.

"మా ఇంట్లో మురికుంది," అంది చీపురమ్మ.

ముప్పై ఎనిమిదేళ్ల కాపురంలో ఆ మాట ఆవిడ నోట రావడం అదే మొదటిసారి. దర్జీ నోరు తెరిచి మూయలేదు. ఆవిడ చెవులు ఎర్రబడ్డాయి గాని ఆగలేదు. సీసా గురించి, నంబరు గురించి, జానాబెత్తెడు గురించి మొత్తం చెప్పింది. కోడలు పక్కనే నిలబడి కాగితం చాపింది.

మేనేజరు ఓపిగ్గా విన్నాడు. నమలడం ఆపకుండా నవ్వాడు. "అమ్మగారూ, ఫలితం వచ్చాక నేను మట్టి మార్చాను అంటే ఎలా చెప్పండి? రేపు ఇంకొకరు వచ్చి ఇల్లే మార్చాను అంటారు. సరే, ఆ పాత మట్టి చూపించండి. పరీక్ష చేయిద్దాం. ఎక్కడుంది?"

అత్తగారు తోట చివర నీళ్లు పడుతున్న ముసలి తోటమాలి వైపు చూసింది. అతను తల ఊపాడు.

"మీ కాళ్ల కింద," అంది.

మేనేజరు కాళ్ల వైపు చూసుకున్నాడు. కాళ్ల పక్కన పుదీనా ఉంది.

తోటమాలి నీళ్ల గొట్టం పట్టుకునే దగ్గరికొచ్చాడు. ఉద్యోగం సంగతి ఎలా ఉన్నా తన పని గురించి చెప్పుకునే అవకాశం వచ్చింది. వదలదలచుకోలేదు.

"మీరు తెప్పించిన సంచుల మట్టి దూది సార్. వేరు నిలవదు, మొక్క తూలిపోతుంది. నలభై ఏళ్లుగా మట్టి పట్టుకుంటున్నాను, నాకు తెలీదా? అక్క పెరట్లో చూశాను. బరువుగా, బంకగా, చెయ్యి పెడితే చల్లగా ఉంది. అక్కకు శుభ్రమైన మట్టి కావాలి, నాకు బలమైన మట్టి కావాలి. బస్తాకు బస్తా మార్చుకున్నాం. పుదీనా ఎలా లేచిందో చూడండి! మీరే రోజూ మెచ్చుకుంటున్నారు."

మేనేజరు దవడ ఆగిపోయింది. ఆకు బుగ్గలో ఒక పక్కన ఉండిపోయింది. ఇల్లు కొనడానికి వచ్చిన ఇద్దరిలో ఆడమనిషి మెల్లిగా చేతిరుమాలు తీసి మూతికి అడ్డం పెట్టుకుంది. ఆవిడ భర్త మాత్రం అప్పటికే మింగేశాడు. భార్య వంక దీనంగా చూశాడు.

"ఫోర్మన్‌గారూ," అన్నాడు మేనేజరు గొంతు తగ్గించి, ఆకు తగలకుండా నాలిక తిప్పుతూ. "ఇది ఇంటి విషయం. మన మధ్యే సర్దుకుందాం. రేపు కత్తెర మీ చేతిలో ఉంటుంది. గేటు మీద మీ పేరు. ఆడవాళ్ల మాటలకు ఇప్పుడు తోటంతా తవ్వించమంటారా?"

"అక్కర్లేదు," అన్నారు ఫోర్మన్‌గారు. ఆరు రోజుల తర్వాత ఆయన పక్షాన ఒక మనిషి దొరికాడు. ఛాతీ కాస్త ముందుకొచ్చింది. "నేనూ అదే చెప్తున్నాను. ఆ మట్టికేం రోగం? ఈ చేతులతో ముప్పై నాలుగేళ్లు తిన్నాను."

"చూశారా! పెద్దాయనే చెప్తున్నారు."

"మీరూ రోజూ తింటూనే ఉన్నారుగా. వీళ్లకు నమ్మకం కుదరాలంటే వాదన దేనికి? ఇంకో ఆకు తినండి సార్, ఇక్కడే, అందరూ చూస్తుండగా."

ఆయన మనస్ఫూర్తిగానే అన్నారు. వెటకారం ఆయనకు చేతకాదు.

మేనేజరు చెయ్యి పుదీనా దాకా వెళ్లింది. అక్కడే ఆగింది. జేబులోకి పోయింది.

"ఇప్పుడే టీ తాగానండీ. పైన ఇంకో ఆకు అంటే... మీరు తినండి. మీకు అలవాటేగా."

ఫోర్మన్‌గారు మేనేజరు మొహం వైపు చాలాసేపు చూశారు. తర్వాత వంగి ఒక ఆకు తుంచారు. ముందు వరసలో అన్నిటికంటే పెద్దది. ఆయన గోళ్ల అంచుల్లో పసుపు ఇంకా ఉంది, ఫ్యాక్టరీ మూసేసి తొమ్మిదేళ్లయినా పోలేదు. అంతమంది ముందు వెనక్కి తగ్గే మనిషి కాదు. ఆకును నోటి దగ్గరికి తీసుకెళ్లారు.

"వద్దు మామయ్యా," అంది కోడలు. ఎనభై మందిని జరిపే గొంతు కాదు అది.

"తాతయ్యా, నాకూ ఒకటి!" అంది బుడ్డి, మట్టిచెయ్యి చాపి.

ఆ చెయ్యి ఆయన మోకాలి దగ్గర ఉంది. మడతల్లో నల్లగా, గోళ్ల అంచుల్లో, చూస్తే, సన్నగా పసుపు. అచ్చం తన గోళ్లలాంటివే. ఆయన ఆ చేతినీ తన చేతిలోని ఆకునూ మార్చి మార్చి చూశారు. తను తినగలరు. ఇంకో ముప్పై నాలుగేళ్లు తినమన్నా తింటారు. ఆ చేతిలో మాత్రం పెట్టలేరు.

ఆకు ఆయన పిడికిట్లో నలిగిపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి, తిరిగినట్టు అందరికీ కనిపించింది, ఆయన దాచుకోలేదు.

"అమ్మాయ్," అన్నారు.

ఎవరిని పిలిచారో మొదట కోడలికి అర్థం కాలేదు. ఆరు రోజులైంది.

"నిన్నేనమ్మా. పెన్నియ్యి."

కోడలు చెవి మీద ఎప్పుడూ ఉండే పెన్ను తీసిచ్చింది. ఫోర్మన్‌గారు రేకుల గదిలోకి వెళ్లి, బల్ల మీద కాగితం పెట్టి, సంతకం పెట్టారు. దాని పైన 'కారణం' అని ఒక ఖాళీ ఉంది. అక్కడ పెన్ను ఆగింది.

"ఏం రాయనే?"

ఈసారి భార్యనే అడిగారు, కోడలికి చెప్పమని కాదు.

"మా ఇంటి మట్టి మురికిది అని రాయండి," అంది చీపురమ్మ. "కాస్త పెద్ద అక్షరాలతో రాయండి. ల్యాబులో వాళ్లకు కనిపించాలి."

రాశారు. కోడలు కాగితం అందుకుని గడియారం చూసింది. ఐదుకు ఇంకా పన్నెండు నిమిషాలున్నాయి. ఇక కావలసింది గడువులోగా అందినట్టు కంపెనీ ముద్ర ఒక్కటే. ముద్ర బల్ల సొరుగులో ఉంది. సొరుగుకు తాళం ఉంది. తాళంచెవి మేనేజరు జేబులో ఉంది.

"మేనేజరుగారేరీ?"

దర్జీ మూల గది వైపు చూపించాడు. తలుపు లోపల గడియ పెట్టి ఉంది. కుళాయి ధారగా పడుతున్న చప్పుడు, పుక్కిలించే చప్పుడు, ఉమ్మే చప్పుడు, మళ్లీ కుళాయి.

కోడలు తలుపు కొట్టింది. "సార్, ముద్ర!"

లోపల పుక్కిలింత జోరు పెరిగింది.

ఫోర్మన్‌గారు కుర్చీ ఒకటి లాక్కుని తలుపుకెదురుగా వేసుకుని కూర్చున్నారు. బుడ్డిని ఒళ్లోకి తీసుకుని, జేబురుమాలు తడిపించి, దాని వేళ్లు ఒక్కొక్కటే తుడవడం మొదలుపెట్టారు.

"కూర్చోమ్మా," అన్నారు కోడలితో. "ఎంతసేపు కడుక్కుంటాడో చూద్దాం. నేను ముప్పై నాలుగేళ్లు కడుక్కున్నాను. పోలేదు."

లోపల కుళాయి ఆగలేదు.